హారీ రికార్డో

సర్ హారీ రాల్ఫ్ రికార్డో (జనవరి 26, 1885 - మే 18, 1974) ఇంగ్లాండుకు చెందిన సుప్రసిద్ధ ఇంజనీరు, అంతర్దహన యంత్రాల పరిశోధకుడు. మొదటి ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిషు ట్యాంకుకు సరైన ఇంజనును రూపొందించినవాడిగా, పెట్రోలు నాణ్యతను కొలిచే పద్ధతికి పునాది వేసినవాడిగా, బస్సులు మరియు లారీల డీజిలు ఇంజనులలో వాడిన కామెట్ దహనగది సృష్టికర్తగా ఈయన పేరు పొందాడు. ఈ మూడింటి వెనుక ఉన్న పని మరొకటి ఉంది. ఇంజనులో ఒక భాగాన్నో ఇంధనాన్నో మార్చినప్పుడు కనిపించిన లాభం నిజంగా ఆ మార్పు వలన కలిగినదేనా, లేక మరేదైనా కారణం చేత కలిగినదా అని నిష్పాక్షికంగా తేల్చే పరీక్షా విధానాన్ని స్థిరపరచినవారిలో రికార్డో అగ్రగణ్యుడు. ఇంజను తయారీదారులు ఎవరికి తోచిన అంకెలు వారు ప్రకటించుకునే కాలంలో ఈయన ఈ పనికి పూనుకున్నాడు.

బాల్యము, కుటుంబము

హారీ రికార్డో లండను నగరంలో బెడ్‌ఫర్డ్ స్క్వేరులోని 13వ నంబరు ఇంటిలో జన్మించాడు. తండ్రి హాల్సీ రికార్డో పేరెన్నికగన్న వాస్తుశిల్పి. భారతదేశంలో కలకత్తా చేరువనున్న హౌరా రైల్వేస్టేషను భవనం (1905) ఆయన రూపకల్పనే. తల్లి కేథరిన్ జేన్, సర్ అలెగ్జాండర్ మెడోస్ రెండెల్ కుమార్తె. రెండెల్ భారతీయ రైల్వేలకు సలహాదారుగా పనిచేసిన ఇంజనీరు. సింధు నదిపై సుక్కూరు వద్ద 1889లో పూర్తయిన లాన్స్‌డౌన్ వంతెన ఆయన రూపకల్పన చేసినదే. అర్థశాస్త్రంలో అద్దెల సిద్ధాంతంతో ప్రఖ్యాతుడైన డేవిడ్ రికార్డో సోదరులలో ఒకరి సంతతికి చెందినది హారీ కుటుంబం. ముగ్గురు సంతానంలో హారీ పెద్దవాడు, ఒక్కడే కొడుకు.

1898లో తాతగారు మోటారు కారు కొన్నారు. అప్పటికి ఇంగ్లాండులో కారును కళ్ళారా చూసినవారు బహు తక్కువ. చిన్ననాటినుండే పనిముట్లతో యంత్రాలు చేసుకోవడం అలవాటైన హారీకి ఆ వాహనం పెద్ద ఆకర్షణ అయింది. రగ్బీ పాఠశాలలో చదువు ముగించి 1903లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని ట్రినిటీ కళాశాలలో సివిల్ ఇంజనీరింగు విద్యార్థిగా చేరాడు. కుటుంబం ఆశించినది వంతెనలు కట్టే ఉద్యోగం.

కేంబ్రిడ్జిలో ఒక పందెం

1904లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు ఆటోమొబైల్ క్లబ్బు ఒక పోటీ పెట్టింది. ఒక క్వార్టు పెట్రోలుతో, అంటే సుమారు 1.1 లీటరుతో, ఎవరి వాహనం ఎక్కువ దూరం పోతుందో వారే విజేత. రికార్డో తాను స్వయంగా తయారు చేసిన ఒంటి సిలిండరు మోటారు సైకిలుతో పోటీలో దిగాడు. పోటీకి వచ్చిన ఇంజనులలో అన్నిటికంటే బరువైనది అదే. అయినా 40 మైళ్ళు (64 కి.మీ.) నడిచి గెలిచింది.

ఈ పందెపు నిబంధన గమనింపదగినది. ఎంత వేగంగా పోయింది, ఎంత శబ్దం చేసింది అన్న ప్రశ్నలు అందులో లేవు. అందరికీ ఒకే కొలత పెట్రోలు, లెక్కించేది దూరం మాత్రమే. బరువైన ఇంజను ఓడిపోతుందని చూడగానే ఎవరైనా అనుకుంటారు. కొలత మాత్రం అందుకు భిన్నంగా చెప్పింది.

ఈ విజయం యంత్రశాస్త్ర ఆచార్యుడు బెర్‌ట్రమ్ హాప్‌కిన్సన్ దృష్టిని ఆకర్షించింది. ఆయన ప్రోత్సాహంతో రికార్డో ఇంజనుల పరిశోధనలో చేరాడు. 1906లో పట్టభద్రుడైన తరువాత మరొక సంవత్సరం కేంబ్రిడ్జిలోనే ఉండి ఆ పని కొనసాగించాడు. సిలిండరులోని పీడనం క్షణక్షణానికి ఎలా మారుతున్నదో అద్దం మీద నుండి ప్రతిఫలించిన కాంతిరేఖ ద్వారా చూపే సూచికను హాప్‌కిన్సన్ తయారు చేశాడు. దానితో ఇంజను లోపల జరిగేది ఊహ నుండి కొలత స్థాయికి వచ్చింది.

వారిద్దరినీ ఎక్కువగా ఆలోచింపజేసిన సమస్య నాకింగ్. బరువు లాగేటప్పుడు ఇంజనులో సుత్తితో కొట్టినట్లు వినవచ్చే శబ్దానికి ఆ పేరు. స్పార్కు రాకముందే మిశ్రమం అంటుకోవడం వలన ఇది కలుగుతుందని చాలామంది భావించేవారు. జరిగేది అది కాదని వీరు గ్రహించారు. స్పార్కు సరైన వేళకే వస్తుంది, జ్వాల సక్రమంగానే ముందుకు సాగుతుంది. కాని ఆ జ్వాల ముందుకు జరిగేకొద్దీ ఇంకా కాలని మిశ్రమాన్ని చివరి మూలకు నొక్కివేస్తుంది. ఆ ఒత్తిడికి వేడెక్కిన చివరి భాగం జ్వాల చేరేలోగానే ఒక్కసారిగా తనంతట తాను అంటుకుంటుంది. వినిపించే దెబ్బ దానిదే. రికార్డో తరువాతి జీవితంలో చేసిన పనులలో చాలావాటికి ఈ అవగాహనే ఆధారం.

తొలి ప్రయత్నాలు

చదువు తరువాత రికార్డో తాతగారి ఇంజనీరింగు సంస్థలో చేరాడు. తీరిక వేళలలో ఇంజనుల పనినే చేసేవాడు. ఈయన రూపొందించిన రెండు స్ట్రోకుల ఇంజనుతో బంధువులు సస్సెక్స్ తీరంలోని షోరమ్ పట్టణంలో డాల్ఫిన్ అనే కారును తయారు చేయసాగారు. ఖర్చు ఎక్కువై ఆ సంస్థ కొద్దికాలానికే మూతబడింది. ఆ ఇంజను మాత్రం స్థానిక చేపల పడవలలో బాగా పనిచేసింది.

1911లో రికార్డో బియాట్రిస్ బెర్తా హేల్‌ను వివాహం చేసుకున్నాడు. ఆమె చిత్రకళా విద్యార్థిని, రికార్డో కుటుంబపు వైద్యుని కుమార్తె. వీరికి ముగ్గురు కుమార్తెలు.

ట్యాంకు ఇంజను

1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ రణరంగంలో బ్రిటిషు ట్యాంకులు మొదటిసారిగా యుద్ధంలో దిగాయి. సుమారు 28 టన్నుల బరువుగల ఆ వాహనంలో 105 అశ్వశక్తి గల డైమ్లర్ ఇంజను ఉండేది. బరువుకు తగిన బలం లేదన్నది ఒక లోపం. ఇంకా ప్రమాదకరమైన లోపం పొగ. ట్యాంకు ఏటవాలు నేలమీద ఎక్కి దిగేటప్పుడు కందెన నూనె సిలిండరులలోకి చేరి కాలేది. దట్టమైన నీలిపొగ లేచి, ట్యాంకు ఎక్కడ ఉన్నదో శత్రువు ఫిరంగులకు తెలియజేసేది. లోపల ఉన్న ఎనిమిది మంది సైనికుల ప్రాణాలు ఆ పొగమీద ఆధారపడి ఉండేవి.

రికార్డోను ఈ పనికి పిలిచినప్పుడు పెట్టిన షరతులు కఠినమైనవి. కొత్త ఇంజను పొగ విడవరాదు. వాహనం ఎంత వాలినా కందెన సరిగా అందాలి. అల్యూమినియం, మేలురకం ఉక్కు వాడరాదు, ఎందుకంటే అవి విమానాల తయారీకి కేటాయించబడ్డాయి. ఇన్ని షరతుల నడుమ ఈయన ఓడల ఆవిరి యంత్రాలలో వాడే క్రాస్‌హెడ్డు అమరికను ఎంచుకున్నాడు. పిస్టను పక్క ఒత్తిడిని క్రాస్‌హెడ్డు మోస్తుంది. క్రాంకుగదిలోని నూనెకూ సిలిండరుకూ మధ్య అడ్డు ఏర్పడుతుంది. లోపలికి పీల్చుకునే గాలిని ముందుగా ఆ క్రాస్‌హెడ్డుల చుట్టూ తిప్పి, వాటిని చల్లబరచి, తరువాతనే కార్బురేటరుకు పంపారు.

ఆరు సిలిండరుల ఈ ఇంజను 1917లో తయారయింది. శక్తి 150 అశ్వశక్తి. దీనిని అమర్చిన మార్క్ 5 ట్యాంకులు 1918 జూలై 4న హామెల్ యుద్ధంలో, ఆగస్టు 8న అమియాన్ యుద్ధంలో పాల్గొన్నాయి. తరువాత 225, 300 అశ్వశక్తుల ఇంజనులు కూడా వచ్చాయి. ఫ్రాన్సులోని సైనిక స్థావరాలలో, కర్మాగారాలలో, ఆసుపత్రులలో విద్యుత్తు ఉత్పత్తికి సైతం ఇవే ఇంజనులు వందల సంఖ్యలో వాడబడ్డాయి. గురువు హాప్‌కిన్సన్ యుద్ధం ముగియడం చూడలేదు. 1918 ఆగస్టులో స్వయంగా విమానం నడుపుతూ ప్రమాదంలో మరణించాడు.

నడుస్తూ ఉండగా సంపీడన నిష్పత్తి మారే ఇంజను

రికార్డో 1915లోనే సొంత సంస్థను స్థాపించాడు. యుద్ధం తరువాత 1919లో షోరమ్‌లో బ్రిడ్జ్ వర్క్స్ పేరుతో కర్మశాల, ప్రయోగశాల ఏర్పడ్డాయి. ఈ సంస్థ 1927 నుండి రికార్డో అండ్ కంపెనీగా నడిచింది. ఇంజనులను తయారు చేసి అమ్మడం దీని వృత్తి కాదు. ఇతరుల ఇంజనులను పరీక్షించడం, లోపాలు కనిపెట్టడం, మెరుగైన రూపాలను సూచించడం దీని పని. అమ్ముకొనేవాడే పరీక్షకుడైతే ఫలితం ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఆ కాలంలో పెట్రోలు మంచిచెడులను సాంద్రతను బట్టి నిర్ణయించేవారు. తేలికగా ఉంటే మేలురకం, బరువుగా ఉంటే నాసిరకం. బోర్నియో దీవి నుండి వచ్చే పెట్రోలుకు సాంద్రత ఎక్కువ కనుక దానికి విలువ లేకపోయింది. ఒకే పెట్రోలును ఒక కంపెనీ ఇంజనులో పోస్తే బాగుందని, మరొక కంపెనీ ఇంజనులో పోస్తే పనికిరాదని వాదనలు నడిచేవి. ఇద్దరి మాటా వారి వారి ఇంజనుల వరకు నిజమే కావచ్చు. అయితే అది ఇంధనపు గుణమా, ఇంజను గుణమా అన్నది తేలేది కాదు.

ఈ చిక్కును విడదీయడానికి రికార్డో ఇ-35 అనే ఒంటి సిలిండరు ఇంజనును నిర్మించాడు. షెల్ వర్గానికి చెందిన ఏషియాటిక్ పెట్రోలియం కంపెనీ ఇందుకు ధనసహాయం చేసింది. ఈ ఇంజనులో సిలిండరు మొత్తాన్ని పైకి, కిందికి జరపవచ్చు. జరిపినప్పుడు పిస్టను పైకి వచ్చిన వేళ దానిపైన మిగిలే ఖాళీ మారుతుంది కనుక సంపీడన నిష్పత్తి మారుతుంది. ఇంజను ఆగకుండా నడుస్తూ ఉండగానే ఈ నిష్పత్తిని నాలుగుకు కొంచెం లోపు నుండి ఎనిమిది వరకు తీసుకుపోవచ్చు.

సంపీడన నిష్పత్తి ఎందుకు ముఖ్యమో విద్యార్థులకు తెలిసినదే. మిశ్రమాన్ని ఎంత కుదించి కాలిస్తే అంత ఎక్కువ పని రాబట్టవచ్చు. గాలి మాత్రమే ఉన్న ఆదర్శ చక్రానికి లెక్క కడితే నిష్పత్తి 4 వద్ద దక్షత 42.6 శాతం, 5 వద్ద 47.5 శాతం, 6 వద్ద 51.2 శాతం, 8 వద్ద 56.5 శాతం. నిజమైన ఇంజను ఈ అంకెలను అందుకోలేదు గాని పెరుగుదల తీరు ఇదే. అడ్డుపడేది నాకింగ్. కనుక ఒక ఇంధనం నాకింగ్ లేకుండా ఎంత నిష్పత్తిని ఓర్చుకోగలదో అదే దాని అసలైన విలువ అని రికార్డో భావించాడు.

పరీక్ష ఇలా సాగేది. ఇంజను వేగం, శీతలీకరణ నీటి ఉష్ణోగ్రత, పీల్చే గాలి ఉష్ణోగ్రత స్థిరంగా ఉంచేవారు. ఒక్కొక్క ఇంధనానికి గాలి-పెట్రోలు పాళ్ళను దానికి సరిపడేలా విడిగా సరిచేసేవారు. స్పార్కు పడే సమయాన్ని కూడా దానికి అత్యుత్తమంగా ఉండేచోట పెట్టేవారు. అప్పుడు సిలిండరును కొద్దికొద్దిగా దించుతూ నాకింగ్ మొదలయ్యే నిష్పత్తిని గుర్తించేవారు. దీనికి అత్యధిక ఉపయుక్త సంపీడన నిష్పత్తి అని పేరు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. అన్ని ఇంధనాలకూ ఒకే కార్బురేటరు అమరిక, ఒకే స్పార్కు సమయం ఉంచితే అందరినీ సమానంగా చూసినట్లు పైకి కనిపిస్తుంది. నిజానికి ఆ అమరిక ఏ ఇంధనానికి సరిపోతుందో దానికే మేలు జరుగుతుంది. పొడుగువాడికీ పొట్టివాడికీ ఒకే కొలత చొక్కా కుట్టి ఎవరికి బాగుందని అడిగినట్లుంటుంది. పరిసరాలు అందరికీ ఒక్కటిగా ఉండాలి, సర్దుబాటు మాత్రం ఎవరికి తగినట్లు వారికి ఉండాలి. రికార్డో పరీక్షలకు విశ్వసనీయత తెచ్చినది ఈ భేదమే.

ఈ పనిలో హెన్రీ టిజార్డ్, డేవిడ్ పై అనే శాస్త్రవేత్తలు రికార్డోకు తోడ్పడ్డారు. టిజార్డ్ తరువాతి కాలంలో, 1935 నుండి, బ్రిటిషు రాడార్ అభివృద్ధికి తోడ్పడిన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. వీరి ఫలితాలు చాలామందిని ఆశ్చర్యపరచాయి. నాకింగ్ లేనంతవరకు ఒకే సంపీడన నిష్పత్తి వద్ద పెట్రోలు రకాలన్నీ, బెంజాలుతో సహా, దాదాపు ఒకే శక్తిని ఇచ్చాయి. కారణం, సరైన పాళ్ళలో గాలితో కలిపినప్పుడు ఆ మిశ్రమాలలో ఉండే ఉష్ణశక్తి ఇంచుమించు సమానమే. ఇంజనుకు అదనపు బలం ఇస్తాయని ప్రచారం పొందిన ఇంధనాల గొప్పతనం అక్కడితో తేలిపోయింది. తేడా ఉన్నది నాకింగ్‌ను ఓర్చుకోవడంలో. అందులో బెంజీను, టొలువీను వంటి ఆరోమాటిక్ పదార్థాలు మేటి. అవి ఎక్కువగా ఉండటం వల్లనే బరువుగా తోచిన బోర్నియో పెట్రోలు, నాసిరకం అనిపించుకున్నది కాస్తా ఉత్తమ ఇంధనాలలో ఒకటిగా తేలింది. ఆల్కహాలు మరింత నిష్పత్తిని ఓర్చుకుంది. అది ఆవిరయ్యేటప్పుడు లోపలికి వచ్చే గాలిని చల్లబరచడం చేత శక్తి కూడా కొంత పెరిగింది.

ఒక ప్రామాణిక ఇంధనంలో ఎంత శాతం టొలువీను కలిపితే పరీక్షలో ఉన్న పెట్రోలుకు సమానమవుతుందో ఆ అంకెను టొలువీను సంఖ్యగా వాడారు. 1920ల చివర అమెరికాలో రూపొందిన ఆక్టేను సంఖ్యకు ఇది పూర్వరూపం. ఆక్టేను సంఖ్యను కొలిచే ప్రామాణిక యంత్రం కూడా సంపీడన నిష్పత్తి మార్చగల ఒంటి సిలిండరు ఇంజనే. 1921 డిసెంబరులో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ బృందం టెట్రాఇథైల్ లెడ్‌ను కనిపెట్టడంతో నాకింగ్ నివారణ మరొక దారి పట్టింది. విషపూరితమైన ఆ సీసపు పదార్థాన్ని రోడ్డు వాహనాల పెట్రోలు నుండి ప్రపంచమంతటా తొలగించడానికి 2021 వరకు పట్టింది.

సుడి హెడ్డు

ఆ రోజుల్లో చవక కార్లు, లారీలలో చాలావాటిలో పక్క వాల్వుల ఇంజనులే ఉండేవి. వాల్వులు సిలిండరు పక్కన ఉండటం వలన దహనగది వెడల్పుగా, పలుచగా ఉండి, జ్వాల చాలా దూరం ప్రయాణించవలసి వచ్చేది. అందుచేత నాకింగ్ త్వరగా వచ్చేది. రికార్డో 1919లో దీనికి కొత్త రూపం ఇచ్చాడు. దహనగదిని ఎక్కువ భాగం వాల్వులపైకి జరిపి, మిగిలిన చోట పిస్టను పైకి వచ్చినప్పుడు హెడ్డుకు దాదాపు తగిలేంత దగ్గరగా ఉండేలా చేశాడు. ఆ సన్నని సందులో నుండి మిశ్రమం బలంగా బయటికి తోయబడి సుడులు తిరుగుతుంది, జ్వాల త్వరగా వ్యాపిస్తుంది. సందులో చిక్కుకున్న కొద్దిపాటి మిశ్రమం లోహపు గోడలకు ఆని చల్లగా ఉండటం వలన తనంతట తాను అంటుకోదు.

దీని గొప్ప సౌలభ్యం హెడ్డు ఒక్కటి మారిస్తే చాలు. బ్లాకు, పిస్టనులు, క్రాంకుషాఫ్టు పాతవే ఉంచవచ్చు. అమెరికాలోని వాకెషా సంస్థ ఫోర్డ్ మోడల్ టీ కారు యజమానులు విడిగా కొని బిగించుకునేందుకు రికార్డో హెడ్డులను తయారు చేసింది. వాహనం కొన్న తరువాత బలం పెంచుకోవడానికి వేరే సంస్థ భాగాన్ని అమర్చుకునే వ్యాపారంలో ఇది తొలినాళ్ళ ఉదాహరణ. ఇంగ్లాండులో ట్రయంఫ్ సంస్థ 1921లో తన పాత మోటారు సైకిలు ఇంజను కింది భాగాన్ని అలాగే ఉంచి, రికార్డో రూపొందించిన నాలుగు వాల్వుల హెడ్డును, కొత్త సిలిండరును, పిస్టనును అమర్చింది. ఆ బండిమీద వాల్టర్ బ్రాండిష్ 1922 సీనియర్ టి.టి. పందెంలో రెండవ స్థానం పొందాడు. పక్క వాల్వుల హెడ్డు ఎంతగా వ్యాపించినదంటే, అనుమతి లేకుండా అనుకరించినవారిపై పేటెంటు వ్యాజ్యాలు కూడా నడిచాయి.

సుడులు ఎంత ఎక్కువైతే అంత మేలని అనుకోరాదని కూడా రికార్డో పరీక్షలు చూపాయి. హద్దు దాటితే పీడనం ఒక్కసారిగా పెరిగి ఇంజను మొరటుగా నడుస్తుంది. గోడలకు పోయే వేడి ఎక్కువై శక్తి తగ్గుతుంది.

హెడ్డును పరీక్షించడం ఇంధనాన్ని పరీక్షించడంకంటే కష్టం. కొత్త హెడ్డు బిగిస్తే దహనగది ఆకారంతో పాటు సంపీడన నిష్పత్తి కూడా మారవచ్చు. పెరిగిన బలం ఆకారం చలువా, నిష్పత్తి చలువా? రెండింటినీ ఒకే నిష్పత్తి వద్ద ఒకసారి, దేనికది ఓర్చుకోగల అత్యధిక నిష్పత్తి వద్ద మరొకసారి కొలిస్తే గాని జవాబు దొరకదు. ఇంజనును ఇంధనం లేకుండా విద్యుత్ మోటారుతో తిప్పి చూస్తే రాపిడికి, గాలి పీల్చి వదలడానికి పోయే శక్తి ఎంతో తెలుస్తుంది. సగటు ప్రభావిత పీడనం అనే కొలతతో చిన్న ఇంజనునూ పెద్ద ఇంజనునూ కూడా ఒకే త్రాసులో తూచవచ్చు. ఈ సాధనాలన్నీ రికార్డో కనిపెట్టినవి కావు. వాటిని ఒక్కచోట చేర్చి, వరుస తప్పకుండా వాడటం ఆయన ప్రత్యేకత. 1922, 1923 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా వెలువడిన అంతర్దహన యంత్రాల గ్రంథం ద్వారా ఈ పద్ధతి ఇతర దేశాల ఇంజనీర్లకు చేరింది.

లారీకి కొత్త ఎయిర్ ఫిల్టరో, సైలెన్సరో, ఇంజెక్టరో బిగించి మైలేజీ పెరిగిందని చెప్పే సందర్భాలకు ఈ పద్ధతిని అన్వయించి చూడవచ్చు. పాత భాగంతో కొలత మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో, కొత్త భాగంతో కొలత తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో తీస్తే, చల్లని గాలి సాంద్రత సుమారు 9 శాతం ఎక్కువగా ఉంటుంది. భాగం ఏ మేలూ చేయకపోయినా ఇంజను బలం పుంజుకున్నట్లు కనిపిస్తుంది. కొత్త భాగం బిగించేటప్పుడే మెకానికు నూనె మార్చి, ఇంజెక్టర్లు శుభ్రం చేసి, వాల్వుల సందు సరిచేస్తాడు. అప్పుడు పోలిక కొత్త భాగానికీ పాత భాగానికీ మధ్య కాదు, సర్వీసు చేసిన లారీకీ చేయని లారీకీ మధ్య. కొత్తది పెట్టారని తెలిసిన డ్రైవరు తనకు తెలియకుండానే నెమ్మదిగా నడుపుతాడు. అందుకే ప్రయోగశాలలో పాత భాగం, కొత్త భాగం, తిరిగి పాత భాగం అనే వరుసలో కొలవడం మంచి ఆచారం. రెండవసారి బిగించిన పాత భాగం మొదటి అంకెనే ఇవ్వకపోతే మధ్యలో ఇంకేదో మారిందని అర్థం.

కామెట్ దహనగది

1920ల చివర బస్సులలో, లారీలలో పెట్రోలుకు బదులు డీజిలు ఇంజనులు ప్రవేశించసాగాయి. డీజిలు చవక, మైలేజీ ఎక్కువ. కాని అవి మెల్లగా తిరిగేవి, నల్లని పొగ విడిచేవి. ఇంధనం ప్రతి బిందువుకూ తగిన గాలి అందేలోగానే పిస్టను దిగిపోవడం ఇందుకు కారణం. రికార్డో దీనికి కూడా సుడినే ఆశ్రయించాడు. హెడ్డులో గోళాకారపు చిన్న గదిని ఏర్పరచి, దానికి అంచు వెంబడి తగిలేలా ఒక సన్నని దారి ఉంచాడు. పిస్టను పైకి వచ్చినప్పుడు గాలి ఆ దారిన దూరి గదిలో గిరగిర తిరుగుతుంది. తిరిగే ఆ గాలిలోకి డీజిలు చిమ్మబడుతుంది. గది కింది సగం వేడిని ఓర్చే ఉక్కుతో చేయబడి, చుట్టూ ఉన్న లోహంతో అంతగా అంటకుండా అమర్చబడి ఉండటం చేత బాగా వేడెక్కి ఉంటుంది. ఇంధనం వెంటనే అంటుకోవడానికి అది తోడ్పడుతుంది.

1931లో వచ్చిన ఈ కామెట్ గదిని లండను బస్సుల ఇంజనులు తయారుచేసే ఏ.ఇ.సి. సంస్థ మొదటగా స్వీకరించింది. కార్లలో డీజిలు వాడకానికి కూడా ఇది దారి తీసింది. 1930లలో ఫ్రాన్సుకు చెందిన సిట్రొయెన్ సంస్థ తన రోజలీ కారులో ఈ పద్ధతి ఇంజనుతో ప్రయోగాలు చేసింది. 1936లో జార్జ్ ఐస్టన్ డీజిలు కారు వేగంలో గంటకు 159 మైళ్ళతో నెలకొల్పిన రికార్డు రికార్డో సంస్థ రూపొందించిన ఇంజనుతోనే. ఇటువంటి వేరుగది ఇంజనులు ఇరవయ్యవ శతాబ్దం చివరి వరకు డీజిలు కార్లలో సర్వసాధారణం. మన దేశంలో టాక్సీలుగా తిరిగిన డీజిలు అంబాసిడరుది కూడా ఈ తరగతికి చెందిన ఇంజనే.

కామెట్‌కు లోపాలు లేకపోలేదు. గది గోడలకు ఎక్కువ వేడి పోవడం వలన, సన్నని దారిలో గాలి ఇటూ అటూ దూరవలసి రావడం వలన, ఇంధనాన్ని నేరుగా పిస్టనుపైకి చిమ్మే ఇంజనులకంటే దీనికి కొంత ఎక్కువ డీజిలు పట్టేది. చలిలో స్టార్టు చేయడానికి హీటరు ప్లగ్గులు కావలసి వచ్చేవి. వేగంగా తిరగడం, పొగ తక్కువ కావడం దీని బలాలు. రోజంతా ఒకే వేగంతో బరువు లాగే లారీకి మైలేజీ ముఖ్యం కనుక, పెద్ద వాహనాలు కాలక్రమేణా నేరుగా చిమ్మే పద్ధతికి మారాయి.

స్లీవ్ వాల్వు

విమాన ఇంజనులలో ఎగ్జాస్టు వాల్వు ఎర్రగా కాలి నాకింగ్‌కు కారణమవుతుందని గమనించిన రికార్డో, వాల్వులకు బదులు కిటికీల వంటి రంధ్రాలున్న జారే గొట్టాన్ని సిలిండరు లోపల అమర్చే స్లీవ్ వాల్వు పద్ధతిని సమర్థించాడు. పక్కపక్కన పెట్టి పరీక్షించినప్పుడు స్లీవ్ ఇంజను అదే పెట్రోలుతో ఎక్కువ సంపీడన నిష్పత్తిని ఓర్చుకుంది. బ్రిస్టల్ సంస్థ 1930లలో పెర్సియస్, హెర్క్యులస్ ఇంజనులను ఈ పద్ధతిలోనే నిర్మించింది. రెండు స్ట్రోకుల స్లీవ్ ఇంజనుపై రికార్డో చేసిన కృషి నుండి పుట్టిన రోల్స్ రాయిస్ క్రెసీ ఇంజను ఎన్నడూ విమానంలో ఎగరలేదు.

ఇంతలో పరిస్థితులు మారాయి. లోపల సోడియం నింపి చల్లబరచే వాల్వులు వచ్చాయి. వంద ఆక్టేను పెట్రోలు వచ్చింది. స్లీవ్ వాల్వు ఆధిక్యం చాలావరకు కరిగిపోయింది. మొదటి పరీక్ష తప్పు కాదు. అది జరిగిన నాటి వాల్వులకు, నాటి పెట్రోలుకు ఆ ఫలితం నిజమే.

గౌరవాలు, చివరి సంవత్సరాలు

రికార్డో 1929లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1944లో ఆ సొసైటీ రమ్‌ఫర్డ్ పతకాన్ని ఇచ్చింది. 1944-45లో బ్రిటన్‌లోని మెకానికల్ ఇంజనీర్ల సంస్థకు అధ్యక్షుడుగా ఉన్నాడు. 1948లో సర్ బిరుదు లభించింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సముద్రతీరంలోని షోరమ్ సురక్షితం కాదని సంస్థను తాత్కాలికంగా ఆక్స్‌ఫర్డ్‌కు తరలించి, తరువాత తిరిగి షోరమ్‌కు తెచ్చారు.

1968లో ఈయన ఆత్మకథ వెలువడింది. చివరి సంవత్సరాలు సస్సెక్స్‌లోని గ్రాఫమ్ గ్రామంలో గడిపాడు. కిందపడి కాలు విరిగిన ఆరు వారాలకు, 1974 మే 18న, 89వ ఏట అక్కడే మరణించాడు. ఈయన స్థాపించిన సంస్థ ఆ తరువాత కూడా షోరమ్ కేంద్రంగా ఇంజను పరిశోధనలు కొనసాగించింది. బెడ్‌ఫర్డ్ స్క్వేరులో ఈయన జన్మించిన ఇంటిపై 2005లో స్మారక ఫలకం అమర్చారు.